సుంకు పట్టిన తాడు

గాలి లేదు. ఆ ఒక్కటీ నమ్ముకునే సైమి ఆ ఉదయం మడిని వదిలి వెళ్ళింది.

తొమ్మిది రోజులుగా ఆమె ఐదింటికల్లా మడి దగ్గర ఉంటోంది. ఒక కర్రకు ఎర్ర రిబ్బను కట్టి పడమటి మూల పాతింది. రిబ్బను ఎటు ఊగితే అటు ఆమె కళ్ళు. తూర్పు గాలి అయితే గుండె కుదుటపడేది. పడమటి గాలి అయితే లేచి పరుగెత్తి, గుంజలకు చుట్టి ఉంచిన గుడ్డ తెరను మడి అంచు పొడుగునా లేపి కట్టేది. పడమట స్ప్రూస్ అడవి, అడవి అవతల నెస్తోరి ముసలాయన రై చేను. గోధుమ లాంటి ఆ రై పంట మనిషి తల దాటి పెరుగుతుంది. సైమి మడిలో ఉన్నదీ రైయే, కాని నడుము దాటదు. రెండూ ఒకే వారంలో పూతకు వస్తాయి. ఆ పొడుగు రై సుంకు, అంటే పుప్పొడి, ఈ పొట్టి రై మీద పడకూడదు. పూత ముగిసేదాకా కాపాడితే చాలు. నడివేసవి జుహానుస్ పండగ నాటికి ముగుస్తుంది. పండగ ఇంకా రెండు రోజులే ఉంది.

ఆ ఉదయం రిబ్బను కర్రకు అతుక్కుపోయినట్టు వేలాడుతోంది. సరస్సు మీద అల లేదు. బర్చ్ ఆకు కదలడం లేదు. అరగంట చూసింది, గంట చూసింది. ఫోను చేయమని ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం పెద్ద ఆర్వోలా ముందురోజు కబురు పెట్టాడు. ఫోను ఉన్నది ఏడు కిలోమీటర్ల దూరంలో, ఊళ్ళో కొట్టు దగ్గర. ఇంత నిశ్చలంగా ఉన్న పూట మళ్ళీ దొరకదనుకుని సైమి సైకిలెక్కింది.

ఫోనులో ఆర్వోలా గొంతు తొందరగా ఉంది.

"సైమి గారూ, విత్తనాల కమిటీ లాగుస్ గారు పండగ అయ్యాక కాదు, రేపే వస్తున్నారు. పదింటికి. మడి చూసి, కాగితం మీద సంతకం పెడితే మీ రై వచ్చే ఏడు విత్తనాల పొలానికి పోతుంది."

"రేపేనా సార్?"

"రేపే. ఇంకో మాట. పూత రోజుల్లో మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదు. ఈ ఏడు విత్తనం ఇవ్వకపోతే మన దగ్గర రై పని ఆపేయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. పదకొండేళ్ళుగా అడుగుతున్నారు కదా వాళ్ళు. ఇక అడగరట."

ఫోనులో ఆమె ఎప్పుడూ తక్కువే మాట్లాడుతుంది.

"వింటున్నారా?"

"వింటున్నాను సార్. మడి బాగుంది."

"బాగుంటుందని నాకు తెలుసు. అందుకే ధైర్యంగా రమ్మన్నాను."

తిరిగి వస్తుంటే ఎనిమిదిన్నర దాటింది. మట్టి దారి మలుపు తిరగగానే ఇద్దరు మనుషులు కనిపించారు. మడి గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు నెస్తోరి, ఆయన చెల్లెలు హుల్దా. డెబ్బై దాటిన మనుషులిద్దరూ. పెళ్ళిళ్ళు లేకుండానే ఒకే ఇంట్లో ముసలివాళ్ళయిపోయారు. మధ్యలో కాఫీ ఫ్లాస్కు, గుడ్డలో చుట్టిన బన్ను రొట్టెలు. నెస్తోరి ఒళ్ళో చుట్ట చుట్టిన తాడు.

"రా పిల్లా, రా! కాఫీ చల్లారిపోతోంది. నీకూ గిన్నె తెచ్చాం."

సైమి సైకిలు దిగింది. ముందు తాడును చూసింది. తాడు పసుపు రాసినట్టుంది. తర్వాత నెస్తోరి చేతులు చూసింది. మోచేతుల దాకా పసుపు. హుల్దా తలగుడ్డ, కనుబొమలు కూడా.

"ఏంటి బాబాయ్ ఇది?" అంది.

"ఏంటా? పని! ఇవాళ ఆకు కదల్లేదు, చూశావా? ఇట్టాంటి రోజున వెన్నుల మీదుగా తాడు లాగి సుంకు లేపకపోతే సగం తాలే. మా నాన్న లాగాడు, మా తాత లాగాడు. ఆరింటికే మొదలెట్టాం. ఏడయ్యేసరికి మా చేను అయిపోయింది. అప్పుడు ఈ హుల్దా అంది కదా, పాపం ఆ పిల్ల ఒక్కత్తే, తాడుకి ఇద్దరు కావాలి, దాని రైకి ఎవరు లాగుతారూ అని."

"నేనెక్కడన్నాను? నువ్వే అన్నావు. నాకు నడుం నొప్పి, ఇంటికి పోదాం అన్నాను నేను."

"మనసులో అనుకున్నావుగా."

"నా మనసులో ఏముందో నీకెట్టా తెలుసు? డెబ్బై ఏళ్ళలో ఒక్కసారైనా అడిగావా?"

నెస్తోరి పకపకా నవ్వాడు. "సరేలే. ఈ చివర నేను, ఆ చివర ఇది. మూడుసార్లు లాగాం పిల్లా. నీ రై మరీ పొట్టిది, వంగి వంగి లాగాల్సి వచ్చింది. పొట్టిదాన్ని చేస్తే చేశావు, ముసలాళ్ళ నడుముల గురించి కాస్త ఆలోచించొద్దూ? కాని లేచిందమ్మా పొగ! మా చేలో కన్నా ఎక్కువ లేచింది."

"ఈ తాడేనా?"

"మరి ఇంకో తాడెక్కడిది?"

"మధ్యలో కడిగారా?"

అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాడును కడగడం అన్న మాట వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

సైమి గిన్నె తీసుకుని తాగింది. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు. ఈ ఇద్దరూ పొద్దున్నే లేచి, నొప్పి నడుములతో అడవి చుట్టూ నడిచి వచ్చి, అడక్కుండా తన పని చేశారు. ఇప్పుడు ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తున్నారు.

"చాలా శ్రమపడ్డారు బాబాయ్," అంది.

హుల్దా మాత్రం ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "సైమీ, ఒంట్లో బాగుందా తల్లీ? రంగు లేదేంటి నీ ముఖం?"

"సైకిలు తొక్కొచ్చాను కదత్తా."

వాళ్ళు వెళ్ళాక ఆమె మడిలోకి దిగింది. సన్నగా ఊగే పసుపు తిత్తులు ప్రతి వెన్నుకూ వేలాడుతున్నాయి. మధ్యలో దూదిపోగుల్లాంటి తెల్లటి కొసలు, సుంకు కోసం తెరుచుకుని ఉన్నాయి. ఒక వెన్నును వేళ్ళ మధ్య పట్టుకుని దగ్గరగా చూసింది. తెల్లటి కొసల నిండా పొడి. ఏది తన రైది, ఏది నెస్తోరిది? రెండూ ఒకే పసుపు. దేవుడు దిగి వచ్చినా ఏరలేడు.

గాలి గురించే ఆమె భయపడింది. గాలి లేకపోతే ఈ ఊరివాళ్ళు తాడు తీస్తారని తెలుసు. చిన్నప్పుడు తనూ మేనమామ పొలంలో తాడు చివర పట్టుకుని పరుగెత్తింది. తెలిసీ ఆ ముక్క గుర్తుకు రాలేదు.

పదకొండేళ్ళ కిందట ఈ పొట్టి మొక్క దొరికింది కూడా నెస్తోరి చేలోనే. వాన కొట్టి చేనంతా వాలిపోయింది. మనిషెత్తు కాడలన్నీ తడిసి, వెన్నుల బరువుకి నేలకు పరుచుకున్నాయి. గింజ కిందనే మొలకెత్తి పాడైపోతోంది. ఆ పరుపు మధ్యలో ఒకే ఒక్క మొక్క నిటారుగా నిలబడి ఉంది. మోకాళ్ళ పైదాకా, లావు కాడ, నిండు వెన్ను. "జాతి తప్పిన కేళీ ఏదో పుట్టింది, పీకి పారేయబోయాను. నీకు ఇట్టాంటివి ఇష్టం కదా అని ఉంచాను," అన్నాడు ఆయన. దాని గింజలు అరచేతిలో పట్టుకొచ్చింది. విత్తితే సగం పొట్టివి, సగం పొడుగువి వచ్చాయి.

పొట్టి గుణానిదే పైచేయి అని ఆమెకు అప్పుడే అర్థమైంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు నుంచి వచ్చినా చాలు, మొక్క పొట్టిగానే పెరుగుతుంది. మొదట సంతోషించింది. తర్వాత తెలిసింది కష్టమంతా అందులోనే ఉందని. పైకి పొట్టిగా కనిపించే మొక్క లోపల పొడుగును దాచుకుని ఉండవచ్చు. చూసి చెప్పలేం. కొలిచి చెప్పలేం. దానికి పొడుగు మొక్కతో జత కట్టించి, గింజ తీసి, విత్తి, ఏడాది ఆగి, పిల్లల్ని చూడాలి. పిల్లలన్నీ పొట్టివైతే ఆ మొక్క నిఖార్సు. సగం పొడుగువైతే అది దాచుకున్నట్టే, తీసి పారేయాలి. అలా ఒక్కొక్క మొక్కనూ అడిగి తెలుసుకుంది. వేల మొక్కల్లో చివరికి మిగిలినవాటి సంతానం ఈ మడి.

గట్టు మీద కూర్చుని నోట్‌బుక్కులో లెక్క వేసింది. వందకు పది గింజలకు వేరే సుంకు తగిలిందనుకుందాం. ఆ పదీ పొట్టిగానే మొలుస్తాయి. వచ్చే ఏడు చేనంతా ఇప్పటిలాగే బల్లపరుపుగా ఉంటుంది. లాగుస్ కాదు కదా, తనే వెతికినా ఒక్క పొడుగు కాడ దొరకదు. ఆ పై ఏడు, దాచుకున్నవి రెండు జతపడ్డ చోట, నాలుగు వందలకు ఒకటి లేస్తుంది. అంటే ప్రతి రెండడుగులకో మూడడుగులకో ఒక తల. అప్పటికి ఆ విత్తనం రైతుల చేలల్లో ఉంటుంది. అప్పుడు కేళీలు తీస్తూ కూర్చోవచ్చు, ఎన్నేళ్ళయినా అవి తరగవు. తీసేవి పైకి కనబడేవే, దాచుకున్నవి కిందనే ఉంటాయి.

కాని అది రెండేళ్ళ తర్వాత. రేపు పదింటికి మడి అద్దంలా ఉంటుంది.

మడి ఉత్తరపు అంచున మైనం కాగితపు సంచులు వరసగా నిలబడి ఉన్నాయి. పూతకు ముందే, రెండు మూడు పక్క మొక్కల వెన్నుల్ని కలిపి ఒక్కో సంచిలో కట్టింది. జాగ్రత్త కోసం ఏటా కడుతుంది. తాడు వాటి మీదుగా పోయింది, రెండు సంచులు వంగి ఉన్నాయి. అన్నిటి మూతులూ వేళ్ళతో తడిమి చూసింది. ఒక్కటీ ఊడలేదు. నలభై మూడు. దోసిలి నిండా గింజలు రావచ్చు. దోసిలి గింజలకు ఎవరూ సంతకం పెట్టరు.

మర్నాడు ఆమె మడికి వచ్చేసరికి నెస్తోరి అప్పటికే అక్కడ ఉన్నాడు. పండగ కోటు వేసుకున్నాడు. టోపీ చేతిలో ఉంది.

"నిజం చెప్పు పిల్లా," అన్నాడు. "హుల్దా నిన్నటి నుంచి నన్ను తినేస్తోంది. నీ ముఖం చూసిందట. అన్నాయ్, మనం ఏదో చెరిపాం, వెళ్ళి అడుగు అంటుంది. చెరిపామా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నిజం చెప్పడానికీ రాలేదు. తాడు మీది సుంకు గురించి నేల చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు. గట్టు మీద కూలబడ్డాడు.

"ఎప్పుడు బయటపడుద్ది ఇది?"

"రెండేళ్ళకి."

"ఈలోగా ఎవరికీ తెలీదా?"

"తెలీదు."

"వచ్చే ఆయనకీ?"

"ఆయనకీ కనబడదు."

నెస్తోరి టోపీని గుండ్రంగా తిప్పాడు. "అయితే తెలియనివ్వకు. నేను చెప్పను. హుల్దా అసలే చెప్పదు, దానికి మాట్లాడ్డానికి నేను తప్ప ఎవరున్నారు? నీ రై పోకూడదు పిల్లా. నా చేలో పుట్టింది అది. రెండేళ్ళకి ఏదో నాలుగు తలలు లేస్తే, ఎట్టా వచ్చాయో ఎవరికి తెలుసు? గాలికి వచ్చాయంటావు."

"గాలికి రాలేదు కదా బాబాయ్."

"గాలి వచ్చి కాదంటుందా?"

సైమి నవ్వలేదు. అడవిలో కోకిల ఆగి ఆగి కూస్తోంది. పదింటికి ఇంకా చాలా టైముంది, అయినా ఆమె కళ్ళు దారి మీదే ఉన్నాయి.

కారు తొమ్మిదీ యాభైకే వచ్చింది. ముందు ఆర్వోలా దిగాడు, బూడిదరంగు సూటు, కొత్తగా గీసిన గడ్డం. వెనక లాగుస్. పొడుగ్గా, కాస్త వంగిన మనిషి. దోమల్ని తోలుకుంటూ నేరుగా మడి దగ్గరకు నడిచాడు. ఎవరినీ పలకరించలేదు. చాలాసేపు పక్క నుంచి, వంగి, వెన్నుల ఎత్తుకు కళ్ళు దించి చూశాడు. తర్వాత తల మీది టోపీ తీసి, వెన్నుల మీద పెట్టాడు. టోపీ బల్ల మీద పెట్టినట్టు నిలబడింది. ఎటూ ఒరగలేదు.

"నలభై ఏళ్ళుగా రై చేలల్లో ఈ టోపీ పెడుతున్నాను," అన్నాడు. "ఎప్పుడూ కింద పడేది. ఇవాళే నిలబడింది."

ఆర్వోలా సైమి వైపు చూసి కళ్ళతోనే నవ్వాడు. నెస్తోరి దూరంగా, సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు.

లాగుస్ కారు బానెట్టు మీద కాగితం పరిచి పెన్ను మూత తీశాడు.

"ఎత్తు?"

"నూట ఐదు సెంటీమీటర్లు. మూడు అటూ ఇటూ," అంది సైమి.

"కేళీలు?"

"ఒక్కటీ లేదు."

"దగ్గరలో వేరే రై?"

"ఉంది. అడవి అవతల. ఐదు వందల ఇరవై మీటర్లు."

"దూరం చాలు. అడవి కూడా ఉంది. గాలి?"

"పూతలో పడమటి గాలి రెండు పూటలు వచ్చింది. తెర కట్టాను."

"మంచి పని చేశారు." రాసుకున్నాడు. "వేరే సుంకు తగిలే సందర్భం ఇంకేమైనా ఉందా? లేదు అని రాసి మీరు సంతకం పెట్టండి, కింద నేను పెడతాను."

పెన్ను ఆమె చేతికి వచ్చింది. కాగితం మీద ఆ ప్రశ్న ఎదురుగా ఒక చిన్న ఖాళీ ఉంది, రెండక్షరాలు పట్టేంత. సైమి ఆ ఖాళీని చూసింది. మడి మీద ఇంకా నిలబడి ఉన్న టోపీని చూసింది. స్కూల్లో అందరి ముందు లేచి నిలబడి చదవమన్నప్పుడు ఇలాగే అయ్యేది. అక్షరాలు కనిపిస్తాయి, గొంతు రాదు.

"సైమి గారూ," అన్నాడు ఆర్వోలా మెల్లగా. "రాయండి."

ఆమె రాసింది. రెండక్షరాలు కాదు. ఖాళీ దాటి, గీత దాటి, కాగితం అంచు దాకా రాసింది. రాశాక పైకి కూడా చెప్పింది, రాత అర్థం కాకపోతుందేమోనని.

"నిన్న ఉదయం మడి మీద తాడు లాగడం జరిగింది. అంతకుముందు పొడుగు రై మీద లాగినదీ అదే తాడు. కడగలేదు."

ఆర్వోలా కాగితం లాక్కుని చదివాడు.

"ఏంటి మీరనేది?" అన్నాడు ఆర్వోలా. "నిన్న ఫోనులో బాగుందన్నారుగా!"

"అప్పటికి నాకు తెలీదు సార్. నేను ఫోనులో ఉన్నప్పుడే లాగారు."

"లాగారా? ఎవరు లాగారు?"

సైమి పెదవి కొరుక్కుంది. ఆ పేరు మాత్రం ఆమె నోటి నుంచి రాదు. కాని వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది.

"నేను," అన్నాడు నెస్తోరి. "నేనూ, మా చెల్లెలూ. ఈ పిల్ల ఊళ్ళో లేదు. సాయం చేద్దామని లాగాం. తిట్టేది ఉంటే నన్ను తిట్టండి, నాకు అలవాటే, ఇంట్లో రోజూ జరుగుద్ది."

లాగుస్ ముఖంలో ఏదో కదిలింది, నవ్వు కాకుండా ఆగిపోయింది. ఆర్వోలా మాత్రం ఎర్రబడ్డాడు.

"ఎంత తగిలిందో ఎవరు లెక్కపెట్టారు? వందకి ఒకటి కావచ్చు. అసలు ఒకటీ కాకపోవచ్చు! లాగుస్ గారూ, వచ్చే ఏడు విత్తుదాం. పొడుగువి వస్తే అప్పుడే చూద్దాం."

"వచ్చే ఏడు రావు సార్," అంది సైమి. "ఒక్కటీ రాదు. ఇంతకన్నా అందంగా ఉంటుంది చేను. దీంతో చిక్కు అదే. రైతులకి పంచాకే లేస్తాయి. అప్పుడు వెనక్కి తీసుకోలేం."

లాగుస్ పెన్ను మూత పెట్టాడు. ఆ చిన్న టప్పు శబ్దం ఆమెకు బాగా వినబడింది. పదకొండేళ్ళు ఆ శబ్దంలో పోయాయి.

"సంతకం పెట్టలేను," అన్నాడు. "ఇది కోయించండి. ఇవాళే, గింజ పాలు పోసుకోకముందే. లేకపోతే ఎవరికో ఆశ పుడుతుంది." అని ఆర్వోలా వైపు ఓరకంట చూశాడు. తర్వాత మడి చుట్టూ నడిచి ఉత్తరపు అంచున ఆగాడు. "ఈ సంచులు ఎప్పుడు కట్టారు?"

"పూతకు ముందు. ఊడలేదు. నిన్న అన్నీ చూశాను."

"ఎన్ని?"

"నలభై మూడు."

"వీటిని ఉంచండి." కాస్త ఆగాడు. "కాని నేను కమిటీకి సంచులు చూపించలేను సైమి గారూ. చేను చూపించాలి. చేను ఉన్నప్పుడు పిలవండి, వస్తాను. ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా వస్తాను." టోపీ తీసుకుని, దులపకుండానే తలకు పెట్టుకున్నాడు.

ఆర్వోలా కారు ఎక్కబోతూ వెనక్కి వచ్చాడు. కోపం తగ్గి అలసట మిగిలింది. "ఈ చోట వచ్చే ఏడు ఓట్స్ వేస్తారు. మిమ్మల్ని బంగాళాదుంపల వైపు మారుస్తారు. నేనేమీ చేయలేను. మీరు రాయకుండా ఉండాల్సిందని అనను. కాని... రేపు పండగ పెట్టుకుని..." అని మాట పూర్తి చేయకుండా తలుపు వేసుకున్నాడు.

కారు దుమ్ము అణిగింది.

నెస్తోరి అడవి చుట్టూ ఇంటికి వెళ్ళి పొడవు పిడి కొడవళ్ళు రెండు తెచ్చాడు. వెనకే హుల్దా వచ్చింది. ఆమె ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బాయి. సైమి ఒక కొడవలి తీసుకుంది. మొదటి వేటు తనే వేయాలనుకుంది. వేసింది. పచ్చి కాడలు చప్పుడు చేస్తూ ఒరిగాయి. పదకొండేళ్ళలో ఆ రై పచ్చిగా ఒరగడం అదే మొదటిసారి.

సగం మడి అయ్యాక నెస్తోరి కొడవలి నేలకు ఆనించి నిలబడ్డాడు.

"ఆ సంచుల్లో గింజలు ఎక్కడ వేస్తావు?"

"తెలీదు బాబాయ్. కేంద్రంలో చోటివ్వరు."

"నా సరస్సు గట్టు చెక్క ఉంది కదా. దుంపలు వేసే చోటు. అక్కడ ఎప్పుడూ రై వేయలేదు, రాలిన గింజ కూడా ఉండదు."

సైమి తల అడ్డంగా ఊపింది. "మీ చేను దానికి రెండు వందల మీటర్లు లేదు. మళ్ళీ ఇదే అవుతుంది."

"అయితే చేను వేయను."

హుల్దా మోపు కట్టడం ఆపి తలెత్తింది. నెస్తోరి వంశంలో రై వేయని ఏడు లేదు.

"ఎన్నేళ్ళు?" అన్నాడు ఆయన.

"మూడు. చేను అనిపించుకోవాలంటే మూడేళ్ళు కావాలి."

"నాకిప్పుడు డెబ్బై నాలుగు."

ఆయన ఏదో మనసులో కూడుకున్నాడు.

"మూడేళ్ళు కొట్టు రొట్టె తినాలా?" అంది హుల్దా.

"నీకు పళ్ళెక్కడున్నాయే, ఏ రొట్టె అయితే ఏం?"

"నాకున్న పళ్ళు నువ్వు లెక్కపెట్టక్కర్లేదు. నేను తినను అనలేదు. అడిగానంతే." మోపు బిగించి ముడి వేసింది. "కాని ఒక్క మాట సైమీ. తాడు లాగాల్సి వస్తే దానికి వేరే తాడు. కొత్తది. నేను కొంటాను. ఈయన చేతికి ఇవ్వను."

సైమికి మొదటిసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వింది కూడా.

సాయంత్రానికి మడి బోడిగా అయింది. ఉత్తరపు అంచున మాత్రం నలభై మూడు సంచులు వరసగా నిలబడ్డాయి. వాటి చుట్టూ పుల్లలు పాతి, జింకలు రాకుండా వల కట్టారు.

మర్నాడు జుహానుస్. నెస్తోరి వాళ్ళ గుమ్మానికి అటూ ఇటూ లేత బర్చ్ కొమ్మలు కట్టి ఉన్నాయి. స్నానానికి రమ్మని హుల్దా కబురు పెడితే సైమి వెళ్ళింది. ఆవిరిగది పొయ్యి మీద పెద్ద కాగు తెర్లుతోంది. అందులో స్నానానికి నీళ్ళు కాదు, తాడు ఉంది. హుల్దా కర్రతో దాన్ని పైకీ కిందికీ తిప్పుతోంది.

"పొద్దుటి నుంచి ఉడకబెడుతోంది," అన్నాడు నెస్తోరి. "దీనికే ముందు పండగ స్నానం. మనం తర్వాత."

"పోయిందంటావా తల్లీ అందులోది?" అంది హుల్దా. చెమటతో ముఖం ఎర్రగా ఉంది. "ఇంకా ఉడకాలా?"

సుంకు తాడు మీద ఒక పూట కూడా బతకదు. మొన్న సాయంత్రానికే చచ్చిపోయి ఉంటుంది. సైమికి ఆ సంగతి తెలుసు. కాగులోకి తొంగి చూసింది. నీళ్ళు లేత పసుపు రంగులో ఉన్నాయి.

"ఇంకొంచెంసేపు ఉడకనీ అత్తా," అంది, కర్ర మీద తనూ ఒక చెయ్యి వేసి.